చూపు మేర

తెల్ల వ్యాను పక్కతలుపు బరబరా జరిగిన చప్పుడుకి ఆర్డిస్ తల ఎత్తింది. ఎత్తకూడదనే అనుకుంది. రోజూ అలాగే అనుకుంటుంది, రోజూ ఎత్తుతుంది. కాఫీ గిన్నె కింద మంట తగ్గించి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇసుకవాగు అవతలి ఒడ్డుకేసి విసుగ్గా చూసింది. ముందు రెండు కాళ్లు బయటికి వచ్చాయి, ఆ తర్వాత టోపీ. ముసలాయన వ్యాను అంచున కూర్చుని, రాత్రంతా బయటున్న బూట్లను తేళ్లేమైనా దూరాయేమోనని తిరగేసి దులిపాడు. కాళ్లకు తొడుక్కున్నాక ఒకసారి ఇటు చూశాడు. ఆర్డిస్ చప్పున తల తిప్పుకుంది.

"పోయి పోయి ఇక్కడే దొరికిందా చోటు" అని గొణుక్కుంది.

అరిజోనా దక్షిణపు కొసన ఉన్న ఆ ఎడారిలో చోటుకేం కొదవ లేదు. కంచె లేని ప్రభుత్వ భూమి, ఎవరైనా వచ్చి గుడారం వేసుకోవచ్చు. చలికాలమంతా మంచు దేశాలనుంచి జనం వస్తూనే ఉంటారు. గుంపుగా వచ్చేవాళ్లు రోడ్డు పక్కన ఒకరినొకరు ఆనుకుని ఉంటారు. ఒంటరిగా వచ్చేవాళ్లు మాత్రం, ఎవరూ రాసిపెట్టకపోయినా, ఒక మర్యాద పాటిస్తారు. ఎవరి గుడారమైనా కంటపడితే, అది కనుమరుగయ్యేదాకా ముందుకు పోయి ఆగుతారు. ఆగినచోట గాడిద అరవనీ, గాలి చావగొట్టనీ, రెండో మనిషి ఆనవాలు కనపడకూడదు. ఈయన ఆ మర్యాద తెలియనివాడిలా లేడు. తెలిసే వచ్చి తన ఎదురుగా ఆపాడు. అదే ఆర్డిస్ ఒళ్లు మండించింది.

ముప్ఫయ్యేళ్లు బడి వంటగదిలో గరిటె పట్టుకుని వందల గొంతుల మధ్య నిలబడింది ఆమె. భర్త పోయాక ఇంటినిండా ఓదార్చేవాళ్లు. తన తలుపు ఎవరూ తట్టకూడదని, అసలు తట్టడానికి తలుపే ఉండకూడదని ఈ గుడ్డ గుడారంలోకి వచ్చిపడింది.

ఓట్స్ తిన్న గిన్నెను రొట్టెముక్కతో అంచులదాకా తుడిచి ఆ ముక్క నోట్లో వేసుకుంది. గిన్నెలో వెనిగర్ కలిపిన నీళ్లు రెండుసార్లు చిమ్మి, గుడ్డతో తుడిచి ఎండలో బోర్లించింది. ఒక పూట గిన్నెలు కడగటానికి ఆమెకు ఒక కప్పు నీళ్లు పట్టవు. ఆ తర్వాత గుడారం తాళ్లు ఒక్కొక్కటీ లాగి చూసింది. వాన రాత్రి వదులైన మేకులు ఇప్పటికీ పట్టు దొరక్క కదులుతున్నాయి. ఆ రాత్రి నడిమి కర్రను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. తెల్లారేసరికి వాన వెలిసింది, వాగులో అడుగులోతు ఎర్రనీళ్లు పారి ఇంకిపోయాయి. ఆ మర్నాడే, తడి ఆరని బంకమట్టి మీద జారుకుంటూ, ఏడుస్తున్నట్టు మూలుగుతూ ఈ వ్యాను వచ్చి ఐరన్‌వుడ్ చెట్ల కింద చతికిలబడింది. ఒక తలుపు గోధుమరంగు, మిగతాదంతా తెలుపు. అప్పట్నుంచి ఆమె ఒంటరితనం సగానికి తరిగిపోయింది.

నీళ్లకోసం ఊళ్లోకి వెళ్లక తప్పలేదు. బట్టలు ఉతికే దుకాణం వెనక నాణేలు వేస్తే నీళ్లిచ్చే యంత్రం ఉంది. నీలం డబ్బాలు వరసగా పెట్టి గొట్టం బిగిస్తుండగా పాట్సీ తగిలింది. రోడ్డుపక్కన బస్సుల్లాంటి అయిదు మోటారు ఇళ్లు కట్టగట్టుకుని ఉన్న గుంపులో పెద్ద ఇల్లు పాట్సీది, ఆమె మొగుడు డ్వేన్‌ది.

"ఏం బంగారం, బతికే ఉన్నావా? కనపడటమే మానేశావు" అంది పాట్సీ, గులాబిరంగు టోపీ వెనక్కి నెట్టుకుంటూ.

"ఉన్నాను."

"సాయంత్రం మంట వేస్తున్నాం, రా. డ్వేన్ పంది పక్కటెముకలు కాలుస్తానంటున్నాడు. ఒక్కదానివీ ఆ గుడ్డసంచిలో కూచుని ఏం చేస్తావు?"

"నాకు పొగ పడదు."

"నీకు పొగా పడదు, మనుషులూ పడరు" అని పాట్సీ నవ్వింది. ఆ నవ్వులో దురుద్దేశం ఏమీ లేదు. అందుకే ఆర్డిస్‌కి ఇంకా కష్టంగా ఉంటుంది ఆమెతో. "అది సరేగానీ, ఆ అతుకుల వ్యాను ముసలాయన ఇంకా నీ ఎదురుగానే ఉన్నాడా? డ్వేన్ చెయ్యి ఊపితే తిరిగి ఊపడట. అలాంటివాళ్లని చూస్తే నాకు గుండె దడ."

ఆర్డిస్ నిండిన డబ్బా ఎత్తి బండి వెనక పెట్టింది. నడుం కలుక్కుమంది. ఆ నొప్పిలో పొద్దుటి విసుగు నోటికి వచ్చింది.

"ఎక్కడికి పోతాడు? నెలరోజుల్నుంచి నా నెత్తిమీదే కూచున్నాడు. లేస్తే ఆయన మొహమే, పడుకుంటే ఆయన మొహమే."

"నెలా!" అంది పాట్సీ. "నెలరోజులుగా ఉన్నాడా అక్కడ?"

నెల కాదు. రెండు వారాలు కూడా కాలేదు. ఆ సంగతి ఆర్డిస్‌కి తెలుసు. కానీ కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, వాన సంగతి ఎత్తాలి, పాట్సీ ఆ వానకు తమ గుడ్డపందిరి ఎలా ఎగిరిపోయిందో చెప్పడం మొదలుపెడుతుంది. ఆమె డబ్బా మూత గట్టిగా తిప్పింది.

"అంతే మరి. వస్తాను" అని బండెక్కింది.

రెండు రోజుల తర్వాత ఎండ నెత్తికెక్కే వేళ, ఆ ప్రభుత్వ భూమిని కాసే రేంజరు జీపు వాగు దాటుకుని వచ్చింది. వెనకే తన నాలుగు చక్రాల బుల్లిబండి మీద డ్వేన్. దుమ్ము ఇద్దరికంటే ముందు గుడారంలోకి వచ్చింది. ఆర్డిస్ ఆరేసిన తువ్వాళ్లు తీస్తోంది. రేంజరు ఎస్పినోజా నలభై దాటిన మనిషి, చేతులకు ఎప్పుడూ కంచెతీగల గీతలుంటాయి. టోపీ తీసి దూరంలోనే ఆగాడు. డ్వేన్ ఆగలేదు.

"అమ్మా, ఇబ్బంది పెడుతున్నాను. అదుగో ఆ వ్యాను ఎప్పట్నుంచి ఉందో మీకేమైనా తెలుసా?" అని అడిగాడు ఎస్పినోజా.

"ఆవిడకి తెలియకేం సార్, నెల అయిందని పాట్సీతో తనే చెప్పింది" అన్నాడు డ్వేన్. ఆ మాటంటూ ఆర్డిస్ వైపు కన్నుగీటాడు. "నీకూ పీడ వదులుతుంది. ఐడహోనుంచి మా బావగారి బండి వస్తోంది, ఇంత పొడుగు ట్రైలరు. ఈ చుట్టుపట్ల చదునైన నేల అదొక్కటే. వాళ్లు నీలాగే పెందలాడే పడుకుంటారులే."

ఒకే చోట రెండు వారాలకు మించి ఉండకూడదు, ఆ తర్వాత ఇరవై అయిదు మైళ్ల అవతలికి పోవాలి. ఆ రూలు తెలియనివాళ్లు అక్కడ లేరు, పాటించేవాళ్లూ లేరు. డ్వేన్ గుంపు రెండు వారాలకోసారి ఇంజన్లు రొద పెట్టుకుంటూ రోడ్డుకి ఇవతలినుంచి అవతలికి జరుగుతుంది, అంతే. ఆర్డిస్ అది కూడా చెయ్యలేదు. కొత్త సంవత్సరం వెళ్లిన దగ్గర్నుంచి ఆమె గుడారం కదల్లేదు. రోడ్డు మీదనుంచి అది కనపడదు. ఎస్పినోజా అడగలేదు, ఆమె చెప్పలేదు.

ముసలాయన ఎప్పుడొచ్చాడో చెప్పాలంటే, ఆయన రావడం తను చూసినట్టు చెప్పాలి. అప్పుడు తర్వాతి ప్రశ్న తనకే వస్తుంది. ఈ ఒడ్డు, ఈ నీడ, పొద్దున్నే కౌజుపిట్టలు నీళ్లు తాగటానికి వచ్చే ఆ బండపళ్లెం, అన్నీ చేజారతాయి.

"నాకేం తెలీదు" అంది తువ్వాలు మడతపెడుతూ. "ఒకళ్ల సంగతి నేను పట్టించుకోను."

ఎస్పినోజా టోపీ పెట్టుకుని వాగు దిగాడు. అవతలి ఒడ్డున ముసలాయన టోపీ తీసి వినడం, తల ఊపడం, నేలకేసి చూపించి ఏదో చెప్పబోవడం, డ్వేన్ చేతులు విసరడం ఆమెకి కనిపించాయి. మాటలు వినపడలేదు. ఎండ నడినెత్తిన ఉందన్నట్టు ఎస్పినోజా వేలు పైకి చూపించాడు. రేపు ఈపాటికల్లా అని అర్థం. ముసలాయన మళ్లీ తల ఊపాడు.

పొద్దు వాలాక ఆయన వచ్చాడు. ఆర్డిస్ గుడారం లోపల ఉంది. దోమతెర గుండా, పాలోవెర్డె పొద పక్కన ఆగిన బూట్లు కనిపించాయి. ఒంటరివాళ్ల గుడారానికి ఊరికే నడిచి రాకూడదు. దూరంగా నిలబడి ఒక్క కేక వెయ్యాలి. రమ్మంటే వెళ్లాలి, లేదంటే తిరిగిపోవాలి. రెండోసారి పిలవకూడదు.

"గుడారంలో ఉన్నారాండీ?" అని ఆయన ఒకసారి పిలిచాడు. మెత్తని గొంతు, కొంచెం ఆయాసం.

ఆర్డిస్ కదల్లేదు. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ కిర్రుమనకుండా కూర్చుంది. ఆమె లోపలే ఉందని ఆయనకి తెలుసు. తెలుసని ఆమెకీ తెలుసు. ఆయన మేజోడుకి చోయ్యా జెముడు ముళ్ల ఉండ ఒకటి అంటుకుని ఉంది. ఆ ముల్లు చేత్తో పీకితే చేతికి ఎక్కుతుంది, బూటుతో తోస్తే బూటుకి ఎక్కుతుంది. దువ్వెన పెట్టి ఒక్క ఎత్తు ఎత్తాలి. ఆయన పుల్లతో రెండుసార్లు తోసి చూసి, ఊడక, వదిలేశాడు. ఆర్డిస్ దువ్వెన పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆయన ఇంకా కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక కాలు జాగ్రత్తగా వేస్తూ వాగులోకి దిగి వెళ్లిపోయాడు. ఆ తువ్వాలును ఆమె విప్పి, మళ్లీ మడతపెట్టింది.

మర్నాడు డ్వేన్ మధ్యాహ్నందాకా ఆగలేదు. ఆర్డిస్ కాఫీ తాగుతుండగానే పికప్ బండి, గొలుసు, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పొద్దుటి గాలి ఇటు వీస్తోంది. ఈసారి మాటలన్నీ వినపడ్డాయి.

"శుభోదయం పెద్దాయనా. సాయం చేద్దామని వచ్చాం. ఏదీ, స్టార్ట్ చెయ్యి చూద్దాం."

వ్యాను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గలేదు కూడా. డ్వేన్ మనిషొకడు ముందు మూత ఎత్తి ఈల వేశాడు.

"ఎలకలు కాపురం పెట్టాయి డ్వేన్. వైర్లన్నీ కొరికి పిల్లలకి పరుపులు వేశాయి."

"అద్దె ఎంత తీసుకుంటున్నావు తాతా? వాటిక్కూడా రెండు వారాలే అని చెప్పావా?"

ముగ్గురూ నవ్వారు. ముసలాయన కూడా, నవ్వకపోతే బాగుండదన్నట్టు, కొంచెం నవ్వాడు. వాళ్లు ఆయన కుర్చీ మడిచి లోపలికి విసిరారు. పొయ్యి విసిరారు. మెల్లగా, అది వంగుతుంది అంటూ ఆయన చేతులు చాపి ముందుకొచ్చాడు. చెట్టుకి కట్టిన తాడు విప్పడం చేతకాక కత్తితో కోశారు. సామాను మధ్య దేనికోసమో వెతుకుతూ వంగిన ముసలాయన అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. చొక్కా జేబులోంచి చిన్న రేకుడబ్బీ తీశాడు. మూత రాలేదు. పళ్లతో లాగి, ఒక మాత్ర నాలిక కింద పెట్టుకున్నాడు.

"మాత్రలు తర్వాత తాతా. గొలుసు బిగించాం, వచ్చి స్టీరింగ్ పట్టుకో."

ఆ మాత్ర నాలిక కింద ఎందుకు పెడతారో ఆర్డిస్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. భర్త చొక్కా జేబులో అలాంటి డబ్బీ ఎన్నేళ్లు ఉందో, ఆ చొక్కాలు ఉతికేముందు ఎన్నిసార్లు తడిమి తీసిందో. కాఫీ కప్పు రాయి మీద పెట్టింది. కప్పు దొర్లి పడింది. ఆమె చూడలేదు. బండెక్కి తాళం తిప్పింది.

ఎస్పినోజా పెద్దరోడ్డు మలుపులో, పశువులు దాటకుండా వేసిన ఇనుపచట్రం దగ్గర, పడిపోయిన బోర్డు నిలబెడుతున్నాడు. ఆమె బండి దిగకుండానే మొదలుపెట్టింది.

"ఆయన వాన వెలిసిన మర్నాడు వచ్చాడు."

అతను సుత్తి దించాడు. "నిన్న తెలీదన్నారు కదమ్మా."

"నిన్న తెలిసే అన్నాను. వచ్చి చూడండి. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు వచ్చాడు. టైర్ల అచ్చు ఎండి రాయయిపోయింది. ఒక్క వరసే ఉంది, లోపలికి వెళ్లింది. నెలనుంచి ఉన్నవాడైతే ఆ అచ్చు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

వాళ్లు వచ్చేసరికి గొలుసు బిగుసుకుని వ్యాను ముందు చక్రాలు కదులుతున్నాయి. ఎస్పినోజా చెయ్యెత్తి ఆపాడు. మోకాళ్ల మీద కూర్చుని, జానెడు లోతు దిగబడి గట్టిపడిన గాడిలో వేళ్లు పెట్టి చూశాడు. వ్యాను టైరు గీతల మీద చెయ్యి వేసి పోల్చాడు. చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. డ్వేన్ మీసం కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"వాన పడి రెండు వారాలు కాలేదు" అన్నాడు ఎస్పినోజా లేస్తూ. "గొలుసు తీసెయ్యండి."

"కానీ ఆవిడే కదా..." అని డ్వేన్ ఆర్డిస్ వైపు చూశాడు.

ఎస్పినోజా కూడా ఆమె వైపే చూస్తున్నాడు. అడగబోయేది అతనికే ఇష్టం లేనట్టుంది.

"అయితే ఆ వాన రాత్రి మీరు ఇక్కడే ఉన్నారన్నమాట."

"ఉన్నాను."

"అంతకుముందు?"

"అంతకుముందూ ఉన్నాను. కొత్త సంవత్సరంనుంచి ఉన్నాను."

డ్వేన్ పకపకా నవ్వాడు. "చూశారా సార్. మేం మాత్రం మొన్ననే రోడ్డు దాటాం, ఎవర్నైనా అడగండి."

"మీ సంగతి నాకు తెలుసు" అన్నాడు ఎస్పినోజా. అంతకుమించి అతన్ని ఏమీ అనలేకపోయాడు. ఆర్డిస్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చూసీ చూడనట్టు పోయేవాణ్ణమ్మా. ఇప్పుడు నలుగురిముందూ మీ నోటితో చెప్పారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యక తప్పదు. ఇరవై అయిదు మైళ్లు."

ఆమె తల ఊపింది.

గుడారం దించడం వెయ్యడం కంటే నెమ్మదిగా సాగింది. మేకులు పీకి, మట్టి దులిపి, డబ్బాలో పొడుగువి పొడుగువాటితో, పొట్టివి పొట్టివాటితో పేర్చింది. బరువుకోసం తాళ్ల చివర కట్టిన సంచుల్లోంచి ఇసుక ఎక్కడిది అక్కడే ఒంపింది. నేలమీద గుడారం అడుగు ఉన్నంతమేరా మట్టి వేరే రంగులో ఉంది. దాన్ని కొమ్మతో ఊడుస్తుంటే పొద దగ్గర్నుంచి కేక వినపడింది.

"ఉన్నారాండీ?"

"రండి" అంది ఆర్డిస్.

ఆయన వచ్చి నీళ్లడబ్బా మీద కూర్చున్నాడు. పేరు హోలిస్ అని చెప్పాడు. ఆమె దువ్వెన తీసుకొచ్చి ఆయన కాలి దగ్గర కూర్చుంది. మేజోడుకి ముళ్ల ఉండ లేదు గానీ, విరిగిన ముళ్లు లోపలే ఉండి మడమ ఎర్రగా వాచింది. పెద్ద ముళ్లు దువ్వెన పళ్లతో ఎత్తి, చిన్నవి పట్టకారుతో లాగింది. ఆయన పళ్లు బిగబట్టి ఆకాశంలోకి చూశాడు.

"నా మీద ఫిర్యాదు చేసింది మీరేనని ఆ మీసాలాయన నిన్న చెప్పాడు" అన్నాడు కాసేపటికి. "అది అడుగుదామనే సాయంత్రం వచ్చాను. గొడవకి కాదు. మీకు అడ్డమైతే నేనే పోతానని చెబుదామని."

"అడ్డమే" అంది ఆర్డిస్, తల ఎత్తకుండా. "కానీ నెల అని ఊరికే అన్నాను."

"ఊరికే అంటే?"

"మాట తెగ్గొట్టుకుందామని. ఆవిడ వదిలేలా లేదు."

హోలిస్ సరేనన్నట్టు తల ఊపాడు. క్షమించాడో, అర్థం చేసుకున్నాడంతేనో ఆమెకి తెలియలేదు.

"ఇంత ఎడారి ఉంది కదా" అంది. "సరిగ్గా నా ఎదురుగా ఎందుకు ఆపారు?"

"నాకొక చోటు ఉండేది. ఇరవయ్యేళ్లుగా అక్కడికే వెళ్లేవాణ్ణి. ఎవరూ రారు. కిందటి అక్టోబరులో అక్కడే పడిపోయాను. గుండె. రెండు రోజులు నేలమీదే ఉన్నాను. రాబందులు వచ్చి చూసిపోయాయి గానీ మనిషి రాలేదు." ఇంకెవరికో జరిగినదాన్ని చెబుతున్నట్టు చెప్పాడు. "అప్పట్నుంచి ఒక మనిషి కనపడేంత దూరంలో ఆగుతున్నాను. మాట్లాడక్కర్లేదు. రానూ అక్కర్లేదు. పొద్దున్నే నా తలుపు తెరుచుకోకపోతే ఎవరో ఒకరికి తెలియాలి, అంతే."

"అలాగైతే ఆ మోటారు ఇళ్లవాళ్ల పక్కన ఆపాల్సింది. అంతమంది ఉన్నారు."

"వాళ్లు నన్ను చూడరండీ. చెయ్యి ఊపుతారు, నవ్వుతారు, రమ్మంటారు, చూడరు. మీరు రోజూ చూసేవారు."

"విసుక్కుంటూ చూసేదాన్ని."

"తెలుసు. ఎంత దూరంనుంచైనా తెలిసేది" అని మొదటిసారి నవ్వాడు. "అయినా చూపు చూపే కదా. బూట్లు తొడుక్కునేసరికి మీ మొహం అలా చిట్లించి ఇటు తిరిగేది. హమ్మయ్య, ఈ పూట గడిచింది అనుకునేవాణ్ణి."

ఆర్డిస్ ఆఖరి ముల్లు తీసి ఇసుకలో గుచ్చి, లేచి, పట్టకారు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసింది. పెట్టెలన్నీ అప్పటికే బండెక్కాయి.

"ఇప్పుడెక్కడికి వెళతారు?" అని అడిగాడు ఆయన.

"తెలీదు. దొరికినచోటికి."

హోలిస్ పుల్ల తీసుకుని ఇసుక మీద గీయడం మొదలుపెట్టాడు. ఒంటరిగా తిరిగేవాళ్లు డబ్బైనా ఇస్తారేమో గానీ చోటు చెప్పరు. తోబుట్టువుకైనా చెప్పరు. ఆర్డిస్ వద్దనబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. రెండు చెవుల కొండ దాటాక రెండో ఇనుపచట్రం. అక్కడ దారి లేనట్టే ఉంటుంది, కానీ ఎడమకి తిరగాలి. వాగులో కాదు, పక్క గట్టు మీదే పోవాలి. రెండు ఎర్రబండల మధ్య బండి పట్టదనిపిస్తుంది, పడుతుంది. అద్దాలు మడుచుకోవాలి. అన్నీ ఆమె చేత మళ్లీ చెప్పించుకుని, బూటుతో గీతలు చెరిపేశాడు.

"మీకు గడువు అయ్యాక మీరు?" అంది ఆమె.

"ముందు ఎలకల కాపురం ఖాళీ చేయించాలి, వైర్లు అతకాలి. తర్వాత చూద్దాం. ఎవరో ఒకరు కనపడకపోరు."

"అక్కడికి..." అంది ఆర్డిస్. మిగతా మాట నోటికి రాలేదు. ఎవర్నైనా రమ్మని పిలిచి ఎన్నాళ్లయిందో. ఆయన ఆ మాటకోసం ఎదురుచూడనూ లేదు, అందించనూ లేదు. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, వాచిన కాలు మెల్లగా వేస్తూ వాగు దాటాడు.

ఎర్రబండల మధ్యనుంచి బండి అద్దాలు మడిచి దూర్చి, అవతలికి వచ్చేసరికి ఆర్డిస్ ఇంజన్ ఆపి అలాగే కూర్చుండిపోయింది. మూడువైపులా కొండ. నాలుగోవైపు కిందికి దిగిపోయే లోయ, దానిలో చేతులెత్తిన సగ్వారో జెముళ్లు, ఇంకేమీ లేవు. కరెంటు తీగ లేదు, బాట లేదు, ఆకాశంలో విమానం గీత కూడా లేదు. ఇన్ని చలికాలాలుగా ఆమె వెతికింది ఇదే. ఒక బండికి, ఒక గుడారానికి సరిపడా చదునైన నేల. దాని మీద ఇరవయ్యేళ్లపాటు ఒకే చక్రాలు వచ్చి ఆగిన రెండు లోతు జాడలు. నేలంతా ఒక్కసారి పరికించి చూసింది, ఆయన ఎక్కడ పడిపోయి ఉంటాడోనని. అలాంటి ఆనవాలేదీ నేల దాచుకోలేదు.

గుడారం వేసుకుంది. బీన్స్ డబ్బా వేడిచేసుకుని తింది. పడుకుంది.

పొద్దున్నే పనులన్నీ తొందరగా అయిపోయాయి. గిన్నె తుడిచింది, తాళ్లు బిగించింది, తువ్వాళ్లు ఆరేసింది. ఇంకా ఎండ కొండ దిగనే లేదు. ఎవరి మీదా విసుక్కోవలసిన పని లేకపోయేసరికి అంత సమయం మిగిలిపోయింది. కాఫీ చల్లారిపోయింది.

ఆమె పార తీసుకుని కొండ మలుపు తిరిగింది. అవతల ఇంకో పలక నేల ఉంది, రాళ్లు, ఎండిన ముళ్లకంపతో. మర్యాద ప్రకారం చూస్తే సరైన దూరం. ముందు కంప పారతో తోసింది. తర్వాత వంగి రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. పెద్దవి అంచుకి దొర్లించింది, చిన్నవి ఒడిలో వేసుకుని పారబోసింది. ప్రతి రాయినీ ముందు బూటు కొనతో తిరగేసి, కింద తేలు లేదని చూసి ఎత్తింది. వ్యాను పొడుగెంతో అడుగులు వేసి అంచనా కట్టింది. సగం చదునయ్యాక నడుం పట్టుకుని ఒక బండ మీద కూర్చుంది.

అక్కణ్ణుంచి ఆమె గుడారం కనపడటం లేదు. కొండ అడ్డం. తలుపు పక్కకి జరిగిన చప్పుడు కూడా ఇక్కణ్ణుంచి అక్కడికి చేరదు. ఆయన వస్తాడో రాడో తెలియదు. వ్యాను కదులుతుందో లేదో తెలియదు. వారంలో ఒకసారి నీళ్లకి వెళ్లాలి ఎటూ, అప్పుడు ఆ దారినే వెళ్లి చెప్పాలి. పూర్తిగా ఒక వాక్యం. ఆ వాక్యం ఎలా మొదలుపెట్టాలో ఆమె చాలాసేపు ఆలోచించింది.

తర్వాత లేచి, సగం చేసిన ఆ నేలను అలాగే వదిలేసి, పార భుజాన వేసుకుని వెనక్కి మలుపు తిరిగింది. తన గుడారానికి ఎదురుగా, లోయ వాలు మొదలయ్యేచోట నేల ఎత్తుపల్లాలుగా ఉంది. అక్కడ రాళ్లు ఎక్కువ, పని రెండింతలు. ఆమె మధ్యలో నిలబడి చూసింది. గుడారం తలుపు తెరిచి ఉంది. లోపల మంచం, దాని మీద విప్పి పడేసిన రాత్రి గౌను, తాడుకి వేలాడుతున్న అద్దం, అన్నీ కనిపిస్తున్నాయి. తను లోపల కూర్చుంటే ఏం చేస్తున్నదీ కనిపిస్తుంది. ఏడ్చినా కనిపిస్తుంది.

ఆర్డిస్ ఇంకో రెండడుగులు గుడారం వైపుకే వేసింది. వంగి మొదటి రాయి తిరగేసింది.